నాలుగు వేళ్ళ మేర

మొన్న కంటి ఆసుపత్రిలో మందుచుక్కలు వేసి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోమంటే, గోడవారనున్న ఇనుప కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాను. నా వయసువాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. ముందు కళ్ళు, తరువాత మోకాళ్ళు, ఆ తరువాత చెవులు అని మనకు మనమే ఒక వరస పెట్టుకుని ఆసుపత్రులు తిరుగుతున్నాం. కళ్ళు మూసుకుంటే చెవులు తెరుచుకుంటాయి కాబట్టి చుట్టుపక్కల మాటలన్నీ వినబడుతున్నాయి. గాజువాక నుంచి వచ్చినాయన ఎవరో స్టీల్‌ప్లాంటులో తాను పనిచేసిన రోజుల్లో కొలిమి దగ్గర వేడి ఎలా ఉండేదో పక్కాయనకు చెబుతున్నాడు, పక్కాయన ఊఁ కొడుతూ నిద్రపోతున్నాడు. అప్పుడు నర్సు గొంతు వినబడింది. "బెనోని ఎవరండీ? పెద్దావిడతో వచ్చిన బెనోని!"

తెరవకూడదని చెప్పినా కళ్ళు తెరిచేశాను. ఆ పేరు మరెవరికీ ఉండదని కాదు. కానీ నాకు తెలిసినంతలో విశాఖపట్నంలో ఆ పేరు గల మనిషి ఒక్కడే, అతణ్ణి నేనెన్నడూ చూడలేదు, అతనికి ఆ పేరు మిగిలిపోవడంలో మాత్రం నా చెయ్యి ఉంది. ఆ సంగతి చెప్పాలంటే నలభై ఏళ్ళకు పైగా వెనక్కి వెళ్ళాలి.

అప్పట్లో నేను వన్ టౌన్‌లో ఒక దినపత్రిక కార్యాలయంలో సబ్ ఎడిటర్ని. కింద అచ్చుయంత్రం, పైన మేము. హార్బరులో ఓడ కూత వేస్తే మా కిటికీ అద్దాలు సన్నగా వణికేవి. గాలి ఒకవైపు తిరిగితే ఎండుచేపల వాసన, మరోవైపు తిరిగితే బల్లల మీద ఎర్రగా ఇనుపరాతి దుమ్ము. మా వాళ్ళు పద్మనాభం వైపు వరి పండించుకునే మనుషులు. ఇతరులు రాసినదాన్ని కుర్చీలో కూర్చుని కొట్టివేసేందుకు నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారంటే మా నాన్న చివరిదాకా నమ్మలేదు. నేనేదో గుమాస్తా పని చేస్తూ సిగ్గుపడి అలా చెబుతున్నానని ఆయన అనుమానం.

శనివారం నాడు మా పత్రికలో దేవుడి విషయాలకు ఒక పేజీ ఉండేది. కొత్తవాళ్ళ నెత్తిన పెట్టే పేజీ అది. గుడి ఉత్సవాలు, వారఫలాలు, ఒక స్వామీజీ ఉపన్యాసం, వాటి పక్కన ఒకటిన్నర కాలములో మా మాస్టారు రాసే శీర్షిక. ఆయన చర్చి సందులో ఉండే రిటైరైన తెలుగు పంతులు. పనిచేసిన బడిలో ఏ దొరో వదిలివెళ్ళిన హీబ్రూ వ్యాకరణం చేతికి చిక్కితే, గురువు లేకుండా పదేళ్ళు కూర్చుని ఆ భాష కూడబలుక్కున్న మనిషి. కుడి నుంచి ఎడమకు నడిచే ఆ అక్షరాలు ఆయన నోటుబుక్కులో మొదటిసారి చూసినప్పుడు, నేను తలకిందులుగా పట్టుకున్నాననుకుని పుస్తకం తిప్పాను. ఆయన దాన్ని మళ్ళీ మామూలుగా తిప్పి నా చేతిలో పెట్టారు.

బైబిలు పాత నిబంధనలో మనుషులకు పేర్లు పెట్టే తీరు మీదే ఆయన రాసేవారు. అక్కడ పేరనేది పిలుచుకోవడానికి మాత్రమే కాదు. బిడ్డ పుట్టిన గడియలో కన్నవాళ్ళ నోట ఏ మాట వచ్చిందో అదే బిడ్డకు అతుక్కుపోతుంది. ముసలితనంలో నాకు బిడ్డేమిటని తల్లి నవ్వుకుంటే, ఆ బిడ్డ పేరే నవ్వు, ఇస్సాకు. ముందు పుట్టిన కవల అన్న మడమ పట్టుకుని బయటికి వచ్చినవాడు యాకోబు, మడమ పట్టినవాడు. మొగుణ్ణీ ఇద్దరు కొడుకులనూ మట్టిలో పెట్టి సొంత ఊరికి తిరిగొచ్చిన నయోమి, తన పేరుకు మధురమని అర్థం కాబట్టి, ఇకమీదట నన్ను చేదు అని పిలవండని ఇరుగుపొరుగుతో అంది. ఇలాంటివి మాస్టారు చెప్పే తీరు పురాణం చెప్పినట్టు ఉండేది కాదు. సందు చివర కుళాయి దగ్గర జరిగిన సంగతి చెప్పినట్టు ఉండేది.

దీవెనల గురించీ రాసేవారు. అక్కడ దీవెన నోరు దాటితే ఇక వెనక్కి రాదు. చూపు ఆనని ఇస్సాకు చేతులు తడిమి చూసి, పెద్దకొడుకనుకుని చిన్నవాణ్ణి దీవించాడు. పెద్దవాడు వచ్చి గుండెలు బాదుకుంటే, ఇచ్చింది ఇచ్చినట్టేనన్నాడు తప్ప తిరిగి తీసుకోలేదు. ఆ చిన్నకొడుకు యాకోబే చివరికి తానూ ముసలివాడై, తనకూ చూపు మందగించాక, మనవల తలల మీద చేతులు అడ్డంగా మార్చి, కుడిచెయ్యి చిన్నవాడి మీద పెట్టాడు. దీవించే ముసలివాళ్ళకు అక్కడ కళ్ళు కనబడవు బాబూ, చూస్తూ దీవిస్తే మనిషిని బట్టి ఇస్తారు కదా, అని మాస్టారు నవ్వేవారు.

నా పేరు సంగతి కూడా ఆయన ఒకరోజు అడిగి తెలుసుకున్నారు. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, మూడోవాణ్ణి నన్ను చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టి, పనికిరానిదేదో దొరికిందని ఎత్తుకొచ్చినట్టు మా నాయనమ్మ ఎత్తుకొచ్చి, దానికి తగ్గ పేరే పెట్టింది. మన వైపు అలాంటి పేర్లవాళ్ళు ఎంతమంది ఉండేవారో మీకు తెలుసు. చదువుకునే రోజుల్లో ఆ పేరు నాకు తలవంపుగా ఉండేది. పత్రికలో చేరాక పొడి అక్షరాలతో సరిపెట్టుకున్నాను. మాస్టారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, చావు ఆ ఇంటివైపు చూడకుండా ఒక ముసలావిడ వేసిన తడిక నీ పేరు, దాన్ని దాచుకుంటావేమిటి అన్నారు. పేరు మనిషికి ఏం చేస్తుందో నాకు తెలియదని చెప్పుకోవడానికి వీల్లేదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ప్రతి గురువారం పొద్దున గొడుగు పట్టుకుని, గుండ్రటి చేతిరాతలో నాలుగు కాగితాలు తెచ్చి ఇచ్చేవారు. ఏనాడూ ఇది ఉంచు, అది తియ్యి అని అడిగిన మనిషి కాదు. ఒక్క వారం మాత్రం కాగితాలు బల్ల మీద పెట్టి, వెంటనే చెయ్యి తీయకుండా, ఈసారి ఒక్క అక్షరం పోకుండా చూడు బాబూ అన్నారు. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు. రాసేవాళ్ళందరూ అనే మాటే కదా అనుకున్నాను.

ఆ వారం ఆయన రాసింది యాకోబు భార్య రాహేలు గురించి. దారిలో నొప్పులు వచ్చి, బిడ్డను కని, ప్రాణం పోతూ ఆ తల్లి బిడ్డకు బెనోని అని పేరు పెట్టింది. అంటే నా దుఃఖపు కొడుకు. చివరి పేరాలో ఆ తరువాత సంగతి. తండ్రి యాకోబు ఆ పేరును ఒప్పుకోలేదు. బెన్యామీను, కుడిచేతి కొడుకు, అని మార్చాడు. మాస్టారు అక్కడ రెండు విషయాలు పట్టుకున్నారు. ఒకటి, యాకోబుకు తన పేరును దేవుడు మార్చింది కూడా అంతకు కాస్త ముందే. పేరు మారిన మనిషి కాబట్టి మార్చే ధైర్యం చేశాడు. రెండోది, ఆ గ్రంథం చెప్పిన వరస. తండ్రి ముందు బిడ్డకు పేరు మార్చాడు, ఆ తరువాతే భార్యను సమాధి చేశాడు, ఆ తరువాతే ఆమె గుర్తుగా రాయి నిలబెట్టాడు. ఏడవడానికి జీవితమంతా ఉంది, బిడ్డను ఎత్తుకోవడానికి మాత్రం ఆ గడియే ఉంది, అనే అర్థం వచ్చేలా ఏదో వాక్యం ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానో ఇప్పుడు చెబుతాను.

ఆ మధ్యాహ్నం పేజీ కడుతుండగా ప్రకటనల విభాగం నుంచి మనిషి వచ్చాడు. వన్ టౌన్‌లోనే ఒక చీరల దుకాణం ప్రారంభోత్సవమట, శనివారం పేజీలోనే పడాలట. మా పనిలో కొలబద్ద ఉండేది గాని దాన్ని వాడినవాణ్ణి నేను చూడలేదు. ఎవరైనా వేళ్ళతోనే కొలిచేవాళ్ళం. ఎంత కావాలి అంటే అతను నాలుగు వేళ్ళు జోడించి చూపించాడు. వార్తను కోయాల్సి వస్తే కింది నుంచి కోయాలన్నది మాకు చేరిన రోజే నేర్పే పాఠం. విలేకరి ముఖ్యమైన సంగతి మొదటే రాస్తాడు, పోనుపోను ముఖ్యం కానిది మిగులుతుంది, కాబట్టి తోక తెగినా వార్తకు ప్రాణం పోదు. పోలీసు కేసుకీ పోర్టు యూనియన్ సమావేశానికీ అది సరైన పద్ధతే. దీవెన మాటలు చివరనే వస్తాయని, వాటిని కింది నుంచి కోస్తే పోయేది తోక కాదని మాకెవరూ నేర్పలేదు. నాకై నేనూ ఆలోచించలేదు.

సీసపు అక్షరాల వరసల మీద నా నాలుగు వేళ్ళూ ఆనించి, ఇక్కడి నుంచి తీసెయ్యమన్నాను. కంపోజింగు ఫోర్‌మన్ పెద్దవాడు, జాలారిపేట మనిషి, అక్షరాలను తిరగేసి చదవడంలో ఆరితేరినవాడు. చదివి, తల గోక్కున్నాడు.

"తల్లి సచ్చిపోనాది, గుంటడికి ఏడుపు పేరెట్టీసినాది, అక్కడితో ఆపీమంతన్నావేటి బాబూ? తరవాతేటయిందో సెప్పొద్దా?"

అందరికీ తెలిసిన కథేలే అన్నాను.

"నాకు తెల్దు గదా," అన్నాడు.

నవ్వాను. అతనూ నవ్వి, ఆ వరసలు ఎత్తి పక్కన పెట్టాడు. పేజీ అచ్చయ్యాక వాటి అక్షరాలు విడివిడిగా, అక్షరాల పెట్టెలో వేటి అరల్లోకి అవి వెళ్ళిపోయాయి. శనివారం పత్రికలో, నా దుఃఖపు కొడుకు అన్న మాట కిందనే పట్టుచీర కట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఉంది.

మరుసటి గురువారం మాస్టారు ఎప్పటిలాగే వచ్చారు. స్థలం చాలలేదండీ అన్నాను. పత్రికన్నాక తప్పదు కదా బాబూ అని, టీ తాగి, గొడుగు మడత సరిచేసుకుంటూ, ఆ చివరి ముక్క ఈ వారం చిన్నదిగా విడిగా వేయడానికి వీలవుతుందా అని అడిగారు. ఆయన అలా అడగడం అదే మొదలు. మా పేజీల ఇన్‌చార్జి దగ్గరికి వెళ్ళి చెప్పాను. ఆయన హాస్యప్రియుడు. "ఏటి బావా, తోకలు కూడా అచ్చేస్తామేటి? రేపు ఒకడొచ్చి తల మిగిలిపోనాది ఎయ్యండంటాడు," అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వి, వెనక్కి వచ్చి, కుదరదట మాస్టారూ అన్నాను. పేరు తప్పు పడితే సవరణ వేస్తాం, ధర తప్పు పడితే వేస్తాం, తెగిపోయినదానికి సవరణ ఉండదు. ఆ పేజీ నాది. నేను గట్టిగా అడిగి ఉంటే ఇన్‌చార్జి రెండోసారి కాదనేవాడు కాదని నాకప్పుడూ తెలుసు. మాస్టారి చేతిరాత కాగితం మాత్రం సొరుగులో పెట్టుకున్నాను, ఎప్పుడైనా పనికొస్తుందని.

ఆ తరువాత మాస్టారు కొన్ని వారాలే రాశారు. ఆరోగ్యం బాగులేదన్నారు. నేను ఆ పేజీ నుంచి నగరం పేజీకి, అక్కడి నుంచి మొదటి పేజీకి ఎక్కాను. మూడు నాలుగేళ్ళకు ఆయన పోయారని కబురొస్తే వెళ్ళాను. సందు సందంతా ఆ ఇంటి ముందే ఉంది, అన్ని ఇళ్ళ తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ఒక్క ఇంటి తలుపు మాత్రం వేసి ఉంది. ఊళ్ళో లేరు కాబోలు అనుకున్నాను.

పది రోజుల తరువాత పలకరించడానికి వెళితే మాస్టారి భార్య చెప్పింది. ఆ వారం వ్యాసం ఆయన పత్రిక కోసం రాసింది కాదట, ఒక్క మనిషి కోసం రాసిందట. అదే సందులో ఆయన శిష్యుడొకడు, పోర్టులో క్రేను మీద పనిచేసేవాడు, భార్య పురిట్లో పోతే, బతికిన కొడుకు మొహం మూడు వారాలైనా చూడకుండా, అత్తగారింటి అరుగు మీద కూర్చుని లేచిపోతుండేవాడు. నోటితో చెప్పబోతే అక్కడ నిలిచేవాడు కాడు. కానీ శనివారం పోర్టు క్యాంటీనులో మా పత్రిక తీసి గురువుగారి శీర్షిక చదవడం అతనికి బడి రోజుల గౌరవం. అందుకని మాస్టారు చెప్పాల్సింది అక్కడ రాశారు. అతను చదివాడు. మేము వేసినంత వరకు చదివాడు. మరుసటి ఆదివారం చర్చిలో బిడ్డకు ఏం పేరు అని పాస్టరుగారు అడిగితే, పేపర్లో పడిందే పెట్టండి అని, బిడ్డను ముట్టుకోకుండానే బయటికి నడిచాడు. కొన్నాళ్ళకు పారాదీప్ పోర్టుకు వెళ్ళిపోయాడు, అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.

ఆ ఇల్లాలు ఇదంతా నన్ను నిందిస్తూ చెప్పలేదు. కాఫీ ఇస్తూ చెప్పింది. ఆయన నీకు చెప్పొద్దన్నారు నాయనా, చిన్నవాడు, మనసులో పెట్టుకుంటాడు అన్నారు, అంది.

అప్పుడైనా నేను చేయవలసింది ఉంది. ఆ కాగితం సొరుగులో ఉంది. పారాదీప్‌కు ఒక కవరు పంపడానికి చిరునామా తెలుసుకోవడం పత్రికవాడికి ఎంతసేపటి పని? రేపు, రేపు అన్నాను. ఇన్నేళ్ళు గడిచాక పాత గాయం కెలకడమెందుకు అని నాకు నేను పెద్దమనిషిలా చెప్పుకున్నాను. ఆ ఇంటికి వెళ్ళి ఆ పిల్లవాణ్ణి పెంచుతున్న అమ్మమ్మకైనా చెప్పలేదు. ఆ తరువాత కార్యాలయం జాతీయ రహదారి పక్కన కొత్త భవనానికి మారింది. నేను హైదరాబాదులో ఏదో శిక్షణలో ఉండగా పాత సొరుగులన్నీ బస్తాల్లోకి ఒంపి పాత కాగితాలవాడికి ఇచ్చేశారు. తిరిగొచ్చి ఖాళీ సొరుగు చూసి, నిజం చెప్పొద్దూ, కొంచెం తేలికపడ్డాను కూడా.

ఇన్నేళ్ళకు ఇప్పుడు ఆ పేరు నర్సు నోట విని లేచి నిలబడ్డాను. మందు వల్ల మనుషులంతా నీళ్ళలో ఉన్నట్టు కనబడుతున్నారు. ఒక పొడుగాటి మనిషి, మెడలో ఫ్యాక్టరీ కార్డుతో, నర్సు దగ్గర కాగితం తీసుకుని బెంచీ వైపు నడిచాడు. బెంచీ మీద ఒక పండు ముసలావిడ, ఒక కంటికి పట్టీ. పక్కన కూర్చుని, మీది చర్చి సందేనా అమ్మా అని అడిగాను.

"అవును బాబూ. ఎవులి తాలూకా నువ్వు?"

మాస్టారు నాకు బాగా తెలుసని చెప్పాను. ఆవిడ మొహం అటు తిప్పేసుకుంది.

"ఆ మేష్టారి మాటెత్తకు."

మనవడు నవ్వాడు. "ఊరుకోయే అమ్మమ్మా. పోయినోల్ల మీద ఇంకా కోపమేటి? ఏటనుకోకండి సార్, ఆయనంటే ఈవిడకి సిన్నప్పట్నుంచీ మంట."

"మంటకాదేట్రా మరి? ఊరందరికీ మంచోడే, నాకే మాట తప్పినాడు. కాళ్ళట్టుకున్నాను బాబూ. నా మాట అల్లుడు ఇంతాడు కాదు, మీ రాత సదువుతాడు, బిడ్డనెత్తుకునేలాగ రాయండని. రాస్తానన్నాడు. రాసి ఏటి సేసినాడు? సచ్చిపోయిన నా కూతురు దుక్కవంతా తీసి గుంటడి నెత్తినెట్టీసి ఊరుకున్నాడు. ఎల్లి అడిగితే తల దించీసి, నాదే తప్పమ్మా అన్నాడు. అంతే. ఆయన పోయిన్నాడు సందంతా ఎల్లినారు. నాను తలుపేసుకున్నాను."

నేను ఆ తలుపు చూశాను. ఊళ్ళో లేరు కాబోలు అనుకున్నాను.

మాస్టారి భార్య ఈ భాగం నాకు చెప్పలేదు. బహుశా ఆవిడకూ తెలియదేమో. ఇరవై ఆరేళ్ళ కుర్ర సబ్ ఎడిటరు పేరు చెబితే ఆయన ఆ రోజే బయటపడి ఉండేవారు. పత్రికవాళ్ళు కోసేశారమ్మా అన్న నాలుగు మాటలు చాలు. అనలేదు. పొరుగింటి మనిషి కోపం మోసుకుంటూ, ఆ తలుపు ముందు నుంచే రోజూ గొడుగు పట్టుకుని నడిచి, ఆ కోపంతోనే పోయారు.

చెప్పేశాను. ఎక్కడ మొదలుపెట్టానో ఎలా చెప్పానో గుర్తులేదు గాని, ఆయన రాశారమ్మా, మీరు అడిగినదే రాశారు, చివర ఉంది, కోసింది నేను, అన్నంత వరకు చెప్పాను. మనవడే ముందు తేరుకుని, ఇంతకీ కోసినదాంట్లో ఏముందండీ అని అడిగాడు. జ్ఞాపకం ఉన్నంత చెప్పాను. కుడిచేతి కొడుకన్నది, ముందు పేరు మార్చి తరువాతే సమాధి కట్టిన వరస. మాస్టారి వాక్యం మాత్రం రాలేదు, దాని అర్థమే వచ్చింది. అతను విని, మెడలో కార్డు తాడు వేలికి చుట్టుకుంటూ, "నాకేటుంది సార్, అలవాటైపోనాది. అచ్యుతాపురంలో ఫ్యాక్టరీలో అందరూ బెనోని భాయ్ అనే పిలుస్తారు. మా నాయన ఇనుంటే బాగుణ్ణు. పోయినేడు పోనాడు కదా," అన్నాడు.

ఈ పేరు మార్చుదామని మీకెప్పుడూ అనిపించలేదా అని ఆవిణ్ణి అడగాలనుకున్నాను. అడగకుండానే చెప్పింది.

"పాస్టరుగోరు మారుసుదామన్నారు. నానే వొద్దన్నాను. తండ్రి ఈడికిచ్చింది అదొక్కటే. అదీ తీసీస్తే ఈడికేటుంటాది?"

తరువాత నా వైపు చెయ్యి చాపి, గాలిలో వెతికి, నా మోచెయ్యి పట్టుకుంది. ఒక కంటికి పట్టీ, రెండో కన్ను ఎప్పుడో మసకబారినదట.

"ఎంత మేర కోసీసేవు బాబూ?"

పాత అలవాటు కొద్దీ కుడిచేతి నాలుగు వేళ్ళూ జోడించి చూపించాను. ఆవిడకు కనబడదని ఆ తరువాత తట్టింది. కానీ ఆవిడ మోచేతి మీది నుంచి తడుముకుంటూ వచ్చి, చూపుడువేలు దగ్గర మొదలుపెట్టి చిటికెనవేలు దాకా, ఒక్కొక్క వేలూ పట్టి చూసింది.

"ఇంతేనా?" అంది.

అందులో కోపం ఉంటే నేను తట్టుకునేవాణ్ణి. లేదు. ఏదో పెద్ద గోడ అనుకున్నది దగ్గరికి వెళితే పిట్టగోడ అయినట్టు, ఆశ్చర్యమే ఉంది. మనవడు ఆవిణ్ణి లేవదీసి ఆటో వైపు నడిపించుకుపోతూ, వెనక్కి తిరిగి, అదేదో కాయితం మీద రాసి ఇయ్యండి సార్, రాత్రుళ్ళు సదివి ఇనిపిస్తాను, ఆదివారం మేష్టారి సమాధి కాడికెల్తానంతంది, అక్కడా సదవాల, అన్నాడు. ఫోను నంబరు ఇచ్చాడు.

ఇప్పుడు పత్రిక ఫోనులోకి వచ్చేసింది. స్థలం చాలదన్న మాట ఎక్కడా వినబడదు. ఎంత రాసినా పడుతుంది, వేలితో పైకి తోస్తూ పోతే వస్తూనే ఉంటుంది. కింది నుంచి కోసే మనిషికి అక్కడ పనే లేదు. నాలాంటివాడు ఆ రోజుల్లో లేకపోతే బాగుండేదని ఇప్పుడు అనిపిస్తుంది. కానీ ఒక్క మనిషి చదవాలని రాసేవాళ్ళు, శనివారం క్యాంటీనులో ఆ ఒక్కడు చదువుతాడని నమ్మి ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు ఎక్కడున్నారో నాకు తెలియదు. చివరి పేరా దాకా వెళ్ళే ఓపిక నా ఇంట్లోనే ఎవరికీ లేదు. అది ఉన్న కాలంలో చివరి పేరా నా చేతిలో పడింది.

మూడు రోజులుగా ఆ ముక్క రాయడానికి కూర్చుంటున్నాను. మా తరంలో చాలామందికి తెలుసు, ఇతరుల రాతలు ఎంత పొడుగున్నా కావలసినంతకు దించడంలో నాకు పేరుండేది. రాహేలు, యాకోబు, ఆ బిడ్డ, కుడిచెయ్యి, అన్నీ వస్తున్నాయి. మాస్టారి వాక్యం రావడం లేదు. నిన్నటికి రెండు పేజీలైంది, కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. రాసిన ప్రతిసారీ కాగితం మీద నాలుగు వేళ్ళూ ఆనించి చూసుకుంటున్నాను. ఆదివారం ఇంకా రెండు రోజులుంది. ఆయన అంతలో ఎలా చెప్పారో నాకు అంతుపట్టడం లేదు.